చెట్టు ఒకటి, పుణ్యాలు వేరు

ఒక నగరంలో రెండు మతాలవారో, రెండు కులాలవారో, పాతపగలున్న రెండు పేటలవారో కలిసి ఒక తోట పెంచినప్పుడు, ఒక చెరువులో పూడిక తీసినప్పుడు, పాలనాదృష్టితో చూసేవారికి అది పచ్చదనానికి సంబంధించిన కార్యక్రమంగానే కనిపిస్తుంది. ధర్మదృష్టితో చూస్తే మాత్రం అందులో చిక్కైన ప్రశ్న ఒకటి దాగి ఉంది. ఒకరు దైవాజ్ఞ అనుకొని, ఇంకొకరు పుణ్యమనుకొని, మరొకరు దేవుడితో నిమిత్తం లేని పౌరబాధ్యత అనుకొని చేసిన పని ఒకే పని అవుతుందా, లేక ఒకే చోట పక్కపక్కన జరిగిన మూడు వేర్వేరు పనులవుతుందా? ఎందుకు చేస్తున్నామన్న విషయంలో ఏకాభిప్రాయం లేకుండా, ఏం చేయాలన్న విషయంలో మాత్రమే కుదిరిన పొత్తుకు విలువ ఎంత? నగరాల్లో చెట్లకూ చెరువులకూ ఈ ప్రశ్న ప్రత్యేకంగా వర్తిస్తుంది, ఎందుకంటే గుడినీ మసీదునీ చర్చినీ ఎవరికి వారు కట్టుకోవచ్చు గాని, భూగర్భజలాన్నీ గాలినీ వీధి వీధికీ విడగొట్టుకోవడం సాధ్యం కాదు.

వైదిక సంప్రదాయం సత్కర్మలను ఇష్టం, పూర్తం అని రెండుగా విభజించింది. అగ్నిముఖంగా జరిగే యజ్ఞయాగాదులు ఇష్టం. బావులు, చెరువులు తవ్వించడం, తోటలు వేయించడం, ఆలయాలు, అన్నసత్రాలు కట్టించడం పూర్తం. ఇష్టానికి అధికారం, అంటే ఆ కర్మ చేసే అర్హత, కొన్ని వర్ణాలకే పరిమితం కాగా, పూర్తానికి ఆ ఆంక్ష లేదనీ శూద్రులు కూడా దానికి అర్హులేననీ స్మృతికారులు ఒప్పుకున్నారు. కర్మకాండలో ఎక్కడా దొరకని ఈ వెసులుబాటు నీటి దగ్గరా నీడ దగ్గరా దొరకడం గమనించదగినది. తెలుగు నేల మీద దీనికి సప్తసంతానమనే భావన తోడైంది. కన్నకొడుకుతో పాటు చెరువు, వనం, దేవాలయం, కావ్యం, నిధి, అగ్రహారం కూడా మనిషికి సంతానమేనని, వంశం నిలవాలంటే వీటిలో ఏది నిలిపినా నిలిపినట్టేనని రాజులూ సెట్టులూ నమ్మారు, ఆ నమ్మకం మీదే ఎన్నో చెరువులు వెలిశాయి.

ఇందులో తాత్త్వికంగా అన్నిటికంటే లోతైన అంశం ఉత్సర్గం. దానానికీ ఉత్సర్గానికీ ధర్మశాస్త్రం స్పష్టమైన తేడా చూపింది. దానం చేయాలంటే పుచ్చుకునేవాడు ఒకడుండాలి, అతడు స్వీకరించాకే అది పూర్తవుతుంది. ఉత్సర్గంలో పుచ్చుకునేవాడంటూ ప్రత్యేకంగా ఎవరూ ఉండరు, యజమాని తన స్వత్వాన్ని, అంటే తనదన్న హక్కును, సమస్త ప్రాణుల కోసం వదిలేస్తాడు. అలా వదిలేశాక ఆ చెరువులో అతడు నీళ్లు తాగవచ్చునా అన్న సందేహం శాస్త్రకారులకు వచ్చింది. దానమిచ్చిన వస్తువును తిరిగి వాడుకోవడం దోషం కదా! వారు చెప్పిన సమాధానం చక్కగా ఉంటుంది: అతడు తాగవచ్చు, అయితే దాతగా కాదు, సమస్త ప్రాణుల్లో ఒకడిగా. తాను తవ్వించిన చెరువు గట్టుకు తానే ఒక బాటసారిగా రావాలన్నమాట.

ఇస్లామీయ ధర్మశాస్త్రంలోని వక్ఫ్ దీనికి దగ్గరి చుట్టం. హనఫీ సంప్రదాయంలో ప్రబలంగా నిలిచిన అభిప్రాయం ప్రకారం వక్ఫ్ చేసిన ఆస్తి మీద దాత యాజమాన్యం తొలగి, అది దైవానికి చెందినదవుతుంది, దాని ఫలం మాత్రం మనుషులకు అందుతుంది. దానితో ముడిపడిన సదఖా జారియా అనే భావన, అంటే దాత మరణించాక కూడా ఫలమిస్తూ ఉండే ధర్మం, బావినీ చెట్టునీ ఉదాహరణలుగా చెబుతుంది. నాటిన చెట్టు పండును పక్షి తిన్నా, పశువు తిన్నా అది నాటినవాడి ఖాతాలో సత్కార్యమేనని హదీసు, అంటే ప్రవక్త ప్రవచనాల సంప్రదాయం, బోధిస్తుంది. ఒకచోట స్వత్వం సమస్త ప్రాణులకు పోతోంది, ఇంకొకచోట దేవుడికి పోతోంది. రెండు చోట్లా మనిషి చేయి వదలడం మాత్రం తప్పనిసరి. గమ్యం మీద రెండు శాస్త్రాలకూ పొత్తు కుదరదు, కుదర్చనక్కర కూడా లేదు.

కారణాలు వేరైనా కార్యం ఒకటి కావచ్చునన్న వాదానికి భగవద్గీత మూడో అధ్యాయంలో గట్టి ఆధారం ఉంది. లోకసంగ్రహం, అంటే లోకాన్ని చెదిరిపోకుండా కలిపి ఉంచడం, అక్కడ కర్మకు ప్రయోజనంగా కనిపిస్తుంది. ఫలాసక్తితో పని చేసేవారి పక్కనే, ఆసక్తి లేని జ్ఞాని కూడా అదే పనిని అంతే శ్రద్ధతో చేయాలని, వారి బుద్ధిని చెదరగొట్టకూడదని ఆ భాగం చెబుతుంది. వ్యాఖ్యాతలు దీన్ని సాధారణంగా జ్ఞానికీ అజ్ఞానికీ మధ్య వ్యవహారంగానే చదివారు. సమానులై ఉండి, భిన్నమైన నమ్మకాలున్న ఇద్దరి మధ్య కూడా ఇది చెల్లుతుందా అన్నది ఆ కాలం వేసుకోని ప్రశ్న. నేటి నగరం వేసుకోక తప్పని ప్రశ్న.

ఆ ప్రశ్నకు ఉత్తర ఐర్లండ్ రాజధాని బెల్‌ఫాస్ట్ కఠినమైన పరీక్షాస్థలం. అక్కడి వైరం నిజానికి బ్రిటన్‌తో ఉండాలా, ఐర్లండ్‌తో కలవాలా అన్న రాజకీయ వైరమే అయినా, దాని రెండు పక్షాలకూ ప్రొటెస్టెంటు, కాథలిక్కు అన్న మతనామాలే గుర్తులయ్యాయి. 1969 ఆగస్టు అల్లర్ల తరువాత కాథలిక్కులుండే ఫాల్స్ రోడ్డుకూ ప్రొటెస్టెంట్లుండే షాంకిల్ రోడ్డుకూ మధ్య సైన్యం తాత్కాలికమని చెప్పి వేసిన కంచెలు క్రమంగా ఇటుక గోడలు, ఇనుపరేకు గోడలు అయ్యాయి, వాటికి శాంతిగోడలన్న పేరు స్థిరపడింది. దాదాపు మూడు దశాబ్దాల హింసలో మూడున్నర వేలమందికి పైగా మరణించాక 1998 ఏప్రిల్ 10న గుడ్ ఫ్రైడే ఒప్పందం కుదిరింది గాని, గోడలు ఆ తరువాత కూడా పెరిగాయి. విడ్డూరమేమిటంటే, 1994 ఆగస్టు 31న ఐర్లండ్‌తో కలవాలనే పక్షపు సాయుధ సంస్థ ఐరిష్ రిపబ్లికన్ ఆర్మీ కాల్పుల విరమణ ప్రకటించిన మర్నాడే ఉత్తర బెల్‌ఫాస్ట్‌లోని అలెగ్జాండ్రా పార్కు నడిమధ్యన గోడ కట్టడం మొదలైంది. పంతొమ్మిదో శతాబ్దపు చివరలో అందరి కోసం వేసిన ఆ ఉద్యానాన్ని సుమారు మూడు మీటర్ల ఎత్తు రేకుగోడ రెండుగా చీల్చింది. చెట్లు రెండు పక్కలా ఒకే వరుసలో పెరుగుతూనే ఉన్నాయి. కుక్కను షికారు తిప్పే మనిషి మాత్రం గోడ దాకా వచ్చి వెనుదిరగవలసి వచ్చింది.

2011 సెప్టెంబరులో ఆ గోడకు ఒక తలుపు పెట్టారు. మొదట్లో అది పనిదినాల్లో ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 3 గంటల వరకే తెరిచి ఉండేది. రెండు పక్కల నివాసులతో జరిగిన సుదీర్ఘమైన సంప్రదింపుల ఫలితం అది, ఆరు గంటల తలుపు. బయటినుంచి చూసేవారికి అది నవ్వు తెప్పించేంత చిన్న విజయం. చీకటి పడితే కిటికీ మీద రాళ్లు పడే ఇంట్లో ఉన్నవారికి మాత్రం ఆ ఆరు గంటలు ఒప్పుకోవడమే పెద్ద సాహసం. ఆ తరువాత యూరోపియన్ యూనియన్ శాంతినిధులతో చేపట్టిన ఫోర్త్ మెడో కమ్యూనిటీ గ్రీన్‌వే అనే పచ్చబాట, ఉత్తర, పశ్చిమ బెల్‌ఫాస్ట్‌లలో ఎడముఖం పెడముఖంగా ఉన్న పేటల మీదుగా సుమారు 12 కిలోమీటర్ల మేర ఉద్యానాలను కలిపేలా రూపొందింది. 2035 నాటికి పది లక్షల చెట్లు నాటాలన్న సంకల్పం కూడా ఆ నగరం చేసుకుంది.

ఈ నగరంలో కలిసి తోటపని చేయడం వెనుక ఒక వేదాంతపు చమత్కారం ఉంది, దాన్ని అక్కడివారు గమనించారో లేదో గాని, మతచరిత్ర చదివినవారికి తట్టకుండా పోదు. పదహారో శతాబ్దంలో క్రైస్తవం చీలడానికి కారణమైన వాదాల్లో కేంద్రమైనది నీతిమత్వ సిద్ధాంతం, అంటే పాపి అయిన మనిషి దేవుని ఎదుట నీతిమంతుడిగా ఎలా పరిగణన పొందుతాడన్న విచారణ. కేవలం విశ్వాసం చేతనేనని లూథరు, కాల్విను వాదించారు; విశ్వాసంతో పాటు కృపాప్రేరితమైన సత్క్రియలకూ అందులో పాత్ర ఉందని కాథలిక్కు సభ నిలబడింది. లూథరన్లూ కాథలిక్కులూ ఈ విషయమై ఒక ఉమ్మడి ప్రకటన మీద సంతకం చేయడానికి 1999 అక్టోబరు 31 దాకా ఆగవలసి వచ్చింది. గోడ పక్కన మొక్కకు పాదు తీస్తున్న కాథలిక్కు తన క్రియ మోక్షమార్గంలో లెక్కకు వస్తుందని అనుకోవచ్చు. పక్కనే గంప ఎత్తుతున్న ప్రెస్బిటేరియన్ శాఖ ప్రొటెస్టెంటు తన క్రియ వల్ల మోక్షానికి ఒరిగేదేమీ లేదని, అది ఇప్పటికే లభించిన కృపకు కృతజ్ఞత మాత్రమేనని అనుకోవచ్చు. దాదాపు అయిదు వందల ఏళ్ల వాదం అలాగే ఉంటుంది, మొక్కకు నీళ్లు పడతాయి. దీన్ని మతానికి జరిగిన అవమానంగా చూడనక్కరలేదు. సిద్ధాంతం తన స్థానంలో తాను చెక్కుచెదరకుండా ఉంటూనే పొరుగువాడికి చోటివ్వగలదని ఇది చూపుతుంది.

అయితే కలిసి పని చేయించడమే సర్వరోగనివారిణి అన్న నమ్మకం కొంత తొందరపాటు. సామాజిక మనస్తత్వ శాస్త్రవేత్త ముజఫర్ షెరీఫ్ 1954 వేసవిలో అమెరికాలోని ఓక్లహోమాలో, రాబర్స్ కేవ్ పార్కులో జరిపిన ప్రయోగం ఈ చర్చలో తరచూ ఉదాహరణగా వస్తుంది. పదకొండు, పన్నెండేళ్ల బాలురను రెండు జట్లుగా చేసి పోటీలు పెట్టగా వారి మధ్య జెండాలు తగలబెట్టుకునేంత వైరం పెరిగింది. వారిని కలిపి భోజనానికి కూర్చోబెట్టినా, సినిమా చూపించినా తిట్లూ తోపులాటలూ పెరిగాయే తప్ప తగ్గలేదు. అప్పుడు శిబిరానికి నీళ్లు రాకుండా చేసి, రెండు జట్లూ కలిస్తే గాని తీరని అవసరాన్ని ముందు పెట్టారు. పిల్లలు కలిసి వెతికి, కలిసి బాగు చేశారు. ఆ పూట భోజనాల దగ్గర మళ్లీ కొట్లాట మొదలైంది. ఒకటి వెనుక ఒకటిగా అటువంటి అవసరాలు ఎదురయ్యాక, చివరకు మొరాయించిన లారీని లాగడానికి, అంతకుముందు ఒకరి మీద ఒకరు బలం చూపుకున్న తాడునే రెండు జట్లూ కలిసి పట్టుకున్నాక, స్నేహం నిలిచింది. ఏడాదికొకసారి ఫొటోల మధ్య జరిగే మొక్కలు నాటే ఉత్సవం వల్ల పేటలు ఎందుకు కలవవో దీన్నిబట్టి తెలుస్తుంది. కలిపేది నాటడం కాదు, ఆ తరువాత ఎండాకాలమంతా వంతులవారీగా నీళ్లు పోయడం.

ఈ ప్రయోగం గురించి చెప్పేవారు సాధారణంగా దాటవేసే సంగతి మరొకటుంది. ఆ పిల్లలంతా తెల్లజాతివారు, ప్రొటెస్టెంట్లు, మధ్యతరగతి కుటుంబాలవారు. వైరం కృత్రిమం, సమానత్వం మాత్రం ముందే ఉన్నది. 1954లోనే మనస్తత్వ శాస్త్రవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ తన గ్రంథంలో, భిన్నవర్గాలు కలిసి మసలడం వల్ల ద్వేషం తగ్గాలంటే ఆ కలయికలో ఇరుపక్షాలకూ సమానస్థాయి ఉండాలన్నది మొదటి షరతుగా పెట్టాడు. భారతదేశంలో సమిష్టి శ్రమను కీర్తించేవారు ఇక్కడ ఆగి ఆలోచించాలి.

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. విజయనగర రాజకుమారుడు భాస్కరుడు వేయించిన ఆ శాసనం చెరువుకు కావలసిన పన్నెండు అంగాలనూ, రాకూడని ఆరు దోషాలనూ శాస్త్రగ్రంథంలా వివరిస్తుంది. కట్ట నిర్మాణానికి రోజుకు వేయిమంది కూలీలు, నూరు బండ్ల చొప్పున రెండేళ్లు పట్టిందని కూడా చెబుతుంది. దాత పేరు, వంశం, పుణ్యం శ్లోకాల్లో ఉన్నాయి. ఆ వేయిమంది అంకెగా మాత్రమే మిగిలారు. చేసినవాడికీ చేయించినవాడికీ ప్రేరేపించినవాడికీ ఆమోదించినవాడికీ ఫలంలో సమభాగమని సంప్రదాయం అంటూనే ఉంది గాని, రాతి మీదికి వచ్చేసరికి చేయించినవాడే మిగిలాడు. కాలువల పూడికతీతకు ఊరంతా కదిలే కుడిమరామతు పద్ధతిని నేడు సామూహిక స్ఫూర్తికి ఆదర్శంగా చూపుతారు. 1858లో మద్రాసు ప్రభుత్వం నిర్బంధ శ్రమ చట్టం తెచ్చిందన్న సంగతి ఆ ఆదర్శం పక్కన పెట్టి చూడాలి. నిజాం కాలపు తెలంగాణలో వెట్టి, అంటే కూలి ఇవ్వకుండా బలవంతంగా చేయించుకునే చాకిరీ, ఎరిగిన కుటుంబాల వారసులు శ్రమదానమన్న పిలుపు వినగానే పొంగిపోకపోతే తప్పు వారిది కాదు.

తెలంగాణ గ్రామాల్లో చెరువు తూము ఎత్తి, ఏ మడికి ఎన్ని గడియలు నీళ్లు పారాలో చూసే నీరటివాడు చాలాచోట్ల దళితుడు. ఊరి పంటంతా అతడి చేతి మీదుగా పండేది. అతడి లెక్క తప్పదని కాపులు నమ్మేవారు. వంతు దగ్గర తగవొస్తే అతడి మాటే చెల్లేది. దాహమైతే మాత్రం అదే ఊరి మంచినీళ్ల బావిలో చేద వేసే హక్కు అతడికి లేదు. రావికీ వేపకూ పెళ్లి చేసి, చుట్టూ కట్టిన రచ్చబండ సంగతీ అంతే. నీడ అందరి మీదా పడేది, అరుగు మీద కూర్చునేది కొందరు, కింద నిలబడేది కొందరు. పరస్పరం ఆధారపడటం ఒక్కటే మనుషులను కలిపేదైతే, తెలుగు పల్లె ప్రపంచంలోకెల్లా ఐకమత్యం గల చోటు అయి ఉండవలసింది.

ఉత్సర్గ సిద్ధాంతం కూడా ఈ నిజం ముందు నిలదొక్కుకోలేదు. సమస్త ప్రాణుల కోసం వదిలిన నీటి దగ్గర పశువులు తాగేవి, పక్షులు తాగేవి, మనుషుల్లో కొందరు తాగకూడదు. మహారాష్ట్రలోని మహాడ్‌లో చవ్‌దార్ చెరువును అందరికీ తెరుస్తూ 1924లో పురపాలక సంఘం తీర్మానం చేసినా అది కాగితం మీదే ఉండిపోయింది. 1927 మార్చి 20న డాక్టర్ అంబేడ్కర్ నాయకత్వంలో వేలాది దళితులు నడిచివెళ్లి ఆ నీరు తాగారు. సవర్ణులు 108 కడవల నీళ్లు తోడి పారబోసి, పంచగవ్యం కలిపి చెరువును శుద్ధి చేశారు; ఆగస్టులో పురపాలక సంఘం తన తీర్మానాన్నే రద్దు చేసుకుంది. ఆపైన ఆ చెరువు ప్రజలది కాదు, పరిసర గృహస్థుల సొంత ఆస్తి అన్న వాదంతో కోర్టుకెక్కారు. పూర్తధర్మాన్ని తలకిందులు చేసిన వాదం ఇది: సర్వభూతాలకు వదిలేయడమే పుణ్యమని చెప్పే సంప్రదాయం పేరు చెప్పుకునేవారే, సాటిమనిషి దోసిలి పట్టేసరికి స్వత్వం గుర్తు చేసుకున్నారు. బొంబాయి హైకోర్టు తీర్పు దళితుల పక్షాన రావడానికి 1937 దాకా పట్టింది.

దీన్నిబట్టి తేలేదేమిటంటే, ఉమ్మడి పని ధర్మమనిపించుకోవడానికి పనివారి నమ్మకం ఒకటి కానక్కరలేదు, హక్కు ఒకటి కావాలి. ఒప్పుకోవలసింది దేవుడి గురించి కాదు, తూము తాళం గురించి. హక్కు సమానమైనచోట నమ్మకాల తేడా తోటకు చేటు చేయదు. హక్కు అసమానమైనచోట నమ్మకం ఒకటే అయినా, మహాడ్‌లో వాదులూ ప్రతివాదులూ ఒకే దేవతలను కొలిచేవారే అయినా, చెరువు విడిపోయే ఉంది.

హక్కు ఉండీ బాధ్యత పంచుకోకపోతే జరిగేదానికి హైదరాబాదులోని హుస్సేన్‌సాగర్ ఉదాహరణ. ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో హుస్సేన్ షా వలీ పర్యవేక్షణలో కట్టిన ఆ చెరువు మధ్యన 1992 నుంచి బుద్ధుడు నిలబడి ఉన్నాడు. ఏటా అందులో వినాయకులు నిమజ్జనమవుతారు, బతుకమ్మలు తేలుతాయి. ఇన్ని మతాలు పంచుకున్న నీరు దేశంలో అరుదు. పంచుకోవడం వాడుకలోనే జరిగింది; కాపాడటం ఎవరి వంతూ కాలేదు, చివరకు ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహాల విషయంలో హైకోర్టు కలగజేసుకోవలసి వచ్చింది. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టంలో నాటిన మొక్కల్లో 85 శాతం బతికించాలన్న నిబంధన పెట్టి, బాధ్యతను సర్పంచి, కార్యదర్శుల మీద మోపింది. నాటిన లెక్క కంటే బతికిన లెక్క ముఖ్యమని గుర్తించడం మెచ్చదగిందే; ఉద్యోగం పోతుందన్న భయంతో బతికించిన చెట్టు మాత్రం పొరుగువారిని కలపలేదు.

ఇక మిగిలిన చిక్కు కాలానికి సంబంధించినది. ఉత్తర ఐర్లండ్ ప్రభుత్వం 2023 కల్లా శాంతిగోడలన్నిటినీ తొలగిస్తామని 2013లో ప్రకటించింది. గడువు దాటింది, గోడలు చాలావరకు అలాగే ఉన్నాయి, పక్కన నివసించేవారి సమ్మతి లేకుండా వాటిని కదపకూడదన్న నియమం కారణంగా. బుద్ధిభేదం కలిగించవద్దన్న గీతావాక్యం ఇక్కడ అతికినట్టు సరిపోతుంది: భయం ఇరుపక్షాలదీ, గోడ వల్ల కోల్పోయినదీ ఇరుపక్షాలదే, కాబట్టి ఆరు గంటల తలుపు దగ్గర మొదలుపెట్టి వేచి ఉండటం న్యాయమే. మహాడ్‌లో అదే ఓర్పును ఎవరైనా ఉపదేశించి ఉంటే, అవతలివారి సమ్మతి వచ్చేదాకా దాహంతో ఉండండని ఒక పక్షానికే చెప్పినట్టయ్యేది. నిరీక్షణ ఖర్చు ఇద్దరిమీదా సమానంగా పడుతోందా, ఒకరిమీదే పడుతోందా అన్నది తేల్చుకోకుండా సామరస్యం పేరిట తోటలు వేసే సంస్థలు, తమకు తెలియకుండానే బలవంతుడి గడియారాన్ని అందరికీ ప్రమాణం చేస్తున్నాయి. తెలుగు నగరాల్లో కాలనీ సంక్షేమ సంఘం పార్కుకు తాళం వేసి, పక్క బస్తీ పిల్లలను లోపలికి రానివ్వాలా వద్దా అని సర్వసభ్య సమావేశంలో చర్చిస్తున్నప్పుడు తేలవలసిన విషయమూ ఇదే. ఆ సమావేశంలో ఓటు కాలనీవారికే ఉంటుంది, బస్తీవారికి ఉండదు.